‘చెప్పాం కదా!’ అన్నంత మాత్రాన చేరినట్టేనా?

ఈసారి మాకు అందిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధను చెబుతున్నాయి. పై స్థానాల్లో ఉన్నవారు ‘ఎన్నిసార్లు చెప్పినా వీరికి ఎక్కదు’ అంటున్నారు. కింద పనిచేసేవారు ‘మాకేమీ చెప్పరు, మేం చెప్పింది వినరు’ అంటున్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని నా నమ్మకం. అందుకే సంస్థల లోపల సమాచారం నడిచే తీరు గురించి వచ్చిన ఆరు ప్రశ్నలకే ఈ శీర్షికను కేటాయించాం. రాసినవారి కోరిక మేరకు వారి పేర్లు, సంస్థల పేర్లు తీసివేశాం.

ప్రశ్న: మా సంస్థలో సుమారు మూడు వందల మంది పనిచేస్తారు. పరిపాలన విభాగం బాధ్యత నాది. ఏ మార్పు వచ్చినా సర్క్యులర్ ఇస్తాం, ఈమెయిల్ పంపుతాం, నోటీసు బోర్డులో పెడతాం. అయినా వారం తిరక్కుండానే ‘మాకెవరూ చెప్పలేదే’ అన్న మాట వినిపిస్తుంది. ఈమధ్య సెలవు దరఖాస్తు విధానం మార్చాం. సగం మంది పాత కాగితం ఫారాలతోనే వచ్చారు. మా సర్క్యులర్ నకలు జతచేస్తున్నాను. ఇంతకంటే ఎలా చెప్పాలి?

సమాధానం: మీ సర్క్యులర్‌ను రెండుసార్లు చదివాను. అందులో తప్పు ఒక్కటీ లేదు. మొదటి పేరాలో పాత ఉత్తర్వు సంఖ్య, తేదీ ఉన్నాయి. రెండవ పేరాలో ఈ మార్పును సిఫార్సు చేసిన కమిటీ వివరాలున్నాయి. మూడవ పేరా విధానాలను మెరుగుపరచడంలో సంస్థకున్న పట్టుదలను తెలుపుతుంది. ఉద్యోగికి నిజంగా కావలసిన సంగతి, అంటే ఇకపై సెలవు దరఖాస్తును ఆన్‌లైన్‌లో మూడు పనిదినాల ముందే ఇవ్వాలన్నది, నాలుగవ పేరాలో ‘పై విషయాలను దృష్టిలో ఉంచుకొని’ అని మొదలైన పొడవాటి వాక్యం చివరన ఉంది. పని మధ్యలో నిలబడి నోటీసు బోర్డు చూసే మనిషి అక్కడిదాకా రాడు. అది అతని నిర్లక్ష్యం కాదు. మీరు సర్క్యులర్‌ను రేపు ఫైలులో ఎవరైనా తనిఖీ చేస్తే నిలబడేలా రాశారు. చదివేవాడి కోసం రాయడం వేరు.

అదే విషయాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘వచ్చే నెల ఒకటో తేదీ నుంచి సెలవు దరఖాస్తును ఆన్‌లైన్‌లోనే ఇవ్వాలి. కనీసం మూడు పనిదినాల ముందు ఇవ్వాలి. ఒంట్లో బాగాలేనప్పుడు, ఇంట్లో అత్యవసరం వచ్చినప్పుడు ఈ గడువు వర్తించదు. కంప్యూటర్ అందుబాటులో లేనివారు తమ సూపర్‌వైజర్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు.’ ఉత్తర్వు సంఖ్యలన్నీ దీని కింద చిన్న అక్షరాల్లో ఉంటే చాలు. చివరి రెండు వాక్యాలు మీ సర్క్యులర్‌లో అసలు లేవు. అవి నేను ఊహించి చేర్చినవి. మీ నిబంధన వేరుగా ఉంటే దానినే రాయండి, కానీ ఏదో ఒకటి రాయండి. ఎందుకంటే సర్క్యులర్ చదివిన ఎవరికైనా మొదట తట్టే సందేహాలు ఆ రెండే. పాత ఫారాలతో వచ్చిన సగం మంది ఏ విభాగాలవారో ఒకసారి చూడండి. వారిలో ఎక్కువమంది రోజంతా కంప్యూటర్ ముఖం చూడని పనుల్లో ఉన్నవారైతే నేను ఆశ్చర్యపోను.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు 1990లో ఒక ప్రయోగం చేశారు. అందరికీ తెలిసిన పాటను కొందరు మనసులో పాడుకుంటూ బల్లపై వేలితో దరువు వేయాలి. ఎదుట కూర్చున్నవారు అది ఏ పాటో పోల్చుకోవాలి. రెండింట ఒక పాటనైనా ఎదుటివారు పోల్చుకుంటారని దరువు వేసినవారు అనుకున్నారు. తీరా చూస్తే 120 పాటల్లో పోల్చుకోగలిగినవి మూడే. దరువు వేసేవారి చెవిలో పాట మొత్తం మోగుతూనే ఉంటుంది. ఎదుటివారికి వినిపించేది టకటక మాత్రమే. ఆరు నెలలు కమిటీలో కూర్చుని చర్చించిన విధానాన్ని మీరు సర్క్యులర్‌గా రాస్తున్నప్పుడు ఆ ఆరు నెలల చర్చా మీ చెవిలో మోగుతూనే ఉంటుంది.

‘అర్థమైందా?’ అని అడగకండి. ఆ ప్రశ్నకు అందరూ తలూపుతారు. విమానాశ్రయంలో కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని పైలట్ తిరిగి చదివి వినిపిస్తాడు, అది సరిగా ఉందో లేదో కంట్రోలర్ శ్రద్ధగా వింటాడు. ఆ పద్ధతి మీరూ పాటించవచ్చు. సర్క్యులర్ వెళ్లిన మర్నాడు మూడు వేరువేరు విభాగాలకు వెళ్లి, ‘రేపు మీకు సెలవు కావాలంటే ఏం చేస్తారు?’ అని ఒక్కొక్కరిని అడిగి చూడండి. వారి జవాబుల్లో మీ సర్క్యులర్ ఎంతవరకు చేరిందో తెలిసిపోతుంది. పంపడంతో పని అయిపోలేదని, చేరిందో లేదో చూసుకోవడం కూడా పంపినవారి బాధ్యతేనని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: మా రెండు విభాగాలను కలిపేస్తారని మూడు నెలలుగా అనుకుంటున్నారు. యాజమాన్యాన్ని అడిగితే ‘నిర్ణయం జరిగాక చెబుతాం’ అంటున్నారు. పుకార్లు నమ్మవద్దని నోటీసు కూడా పెట్టారు. అది పెట్టిన నాటి నుంచి గుసగుసలు ఇంకా ఎక్కువయ్యాయి. నేను పన్నెండు మంది ఉన్న బృందానికి లీడర్‌ను. వారంతా నన్నే అడుగుతున్నారు. నాకు కూడా ఏమీ తెలియదు. ఏం చెప్పమంటారు?

సమాధానం: మీ ఉత్తరం చదువుతుంటే నా పాత రోజులు గుర్తుకొచ్చాయి. నేను పనిచేసిన ఒక సంస్థలో ఓ ఉదయం ఒకాయన టేపు పట్టుకొని వచ్చి మా బల్లల మధ్య దూరం కొలిచాడు. గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. ఏమిటని అడిగితే ‘పార్టిషన్ ఇక్కడివరకు వస్తుంది సార్’ అన్నాడు. ఆ గీతకు అవతల నలుగురం కూర్చుని ఉన్నాం. మా విభాగం సగమైపోతోందని మాకు మొదట తెలియజేసింది ఆ వడ్రంగి. నిర్ణయం కంటే, అది మాకు అలా తెలియడమే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. ఆ ఏడాదిలోగా ఆ నలుగురిలో ముగ్గురం ఆ సంస్థను వదిలేశాం.

పుకారు పుట్టే తీరు గురించి గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1947లో ఒక సూత్రం చెప్పారు. విషయం ఎంత ముఖ్యమైనదో, ఎంత అస్పష్టంగా ఉందో, ఆ రెంటినీ గుణిస్తే వచ్చేదే పుకారు బలమన్నారు. ఇక్కడ గుణకారం అన్నదే కీలకం. రెంటిలో ఏదో ఒకటి సున్నా అయితే పుకారు కూడా సున్నాయే. ఉద్యోగం నిలుస్తుందా, కుర్చీ ఎక్కడ ఉంటుంది, ఎవరి కింద పనిచేయాలి అన్నవి ఎవరికైనా ముఖ్యమే, వాటి ప్రాముఖ్యాన్ని ఏ యాజమాన్యమూ తగ్గించలేదు. తగ్గించగలిగింది అస్పష్టతను మాత్రమే. మీ సంస్థ పెట్టిన నోటీసు దానిని తగ్గించలేదు సరికదా, ‘యాజమాన్యమే నోటీసు పెట్టిందంటే ఏదో ఉంది’ అనిపించి ప్రాముఖ్యాన్ని పెంచింది.

మాట చేతులు మారేకొద్దీ చిలవలు పలవలు చేరతాయని మనం అంటుంటాం. ఆ ఇద్దరూ తమ ప్రయోగాల్లో ముందుగా గమనించింది మాత్రం వివరాలు రాలిపోవడాన్ని. ఐదారు నోళ్లు మారేసరికి దాదాపు 70 శాతం వివరాలు పోయాయి. నా అనుభవంలో అన్నిటికంటే ముందు రాలిపోయేవి ‘ఒకవేళ’, ‘ఆలోచిస్తున్నారు’, ‘ఇంకా ఖాయం కాలేదు’ వంటి మాటలు. మిగిలేది ‘కలిపేస్తున్నారట’ అన్న ఒక్క ముక్క. చిలవలు పలవలు దానికి చేరతాయి.

యాజమాన్యాలు నోరు విప్పకపోవడానికి ఒక కారణం ఉంటుంది: చెడు వార్త ముందే చెబితే జనం చెదిరిపోతారన్న భయం. దీనికి జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన అధ్యయనంలో మంచి జవాబు ఉంది. ఒక తయారీ సంస్థ ఆర్డర్లు పోగొట్టుకొని, తన మూడు కర్మాగారాల్లో రెండింట పది వారాలపాటు జీతాలను 15 శాతం తగ్గించింది. ఒకచోట ఉన్నతాధికారులు దాదాపు గంటన్నర సేపు కూర్చుని, కోత ఎందుకు తప్పలేదో లెక్కలతో వివరించారు. బాధపడుతున్నామని చెప్పి, అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులిచ్చారు. రెండవచోట పావుగంటలో ముగించారు. కోత రెండుచోట్లా ఒకటే. కానీ కోత అమలైన వారాల్లో కర్మాగారం నుంచి సామాను మాయమవడం పావుగంటలో చెప్పి వెళ్లినచోట బాగా పెరిగింది, పని మానేసినవారూ అక్కడే ఎక్కువ. వివరంగా చెప్పినచోట కూడా నష్టం కొంత జరిగింది, కానీ చాలా తక్కువ. జీతం తగ్గినందుకే కాక, తమను లెక్కచేయనందుకు కూడా మనిషి మనసు విరిగిపోతుందని ఈ అధ్యయనం చెబుతోందని నేను అర్థం చేసుకున్నాను.

ఇక మీరు ఏం చెప్పాలన్నది. మీ బృందాన్ని కూర్చోబెట్టి మూడు సంగతులు చెప్పండి: నాకు తెలిసింది ఇది, నాకు తెలియనిది ఇది, ఫలానా రోజున మళ్లీ కూర్చుని అప్పటికి తెలిసింది చెబుతాను. ఆ మూడవ మాట తప్పకండి. చెప్పడానికి ఏమీ లేకపోయినా ఆ రోజున కూర్చుని ‘ఈ వారం కొత్తగా ఏమీ తెలియలేదు’ అనే చెప్పండి. తరువాత నేను చేరిన సంస్థలో ఒక మేనేజర్ గారు ఇలాంటి సమయంలోనే ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మమ్మల్ని పది నిమిషాలు కూర్చోబెట్టేవారు. సగం వారాలు ఆయన దగ్గర కొత్త కబురేమీ ఉండేది కాదు. అయినా సోమవారం నుంచి గురువారం వరకు మేము ప్రశాంతంగా పనిచేసుకోగలిగేవాళ్లం, ఎందుకంటే శుక్రవారం ఒకటి ఉందని మాకు తెలుసు. తెలియని దానిని తెలిసినట్టు చెప్పి ధైర్యం మాత్రం ఇవ్వకండి. ‘మీ ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు’ అని మీరంటే, రేపు ఒక్కరిది పోయినా మిగిలినవారు మీ మాటను ఇక నమ్మరు. అలాగే బృందం అడుగుతున్న ప్రశ్నలను ఒక కాగితం మీద రాసి, ఎవరు అడిగారో చెప్పకుండా, మీ పై అధికారికి ఇవ్వండి. పైనున్నవారికి కింద ఏం మాట్లాడుకుంటున్నారో చాలాసార్లు నిజంగానే తెలియదు.

ప్రశ్న: మా మేనేజర్ రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్ గ్రూపులో పనులు పెడతారు. ‘ఇప్పుడే చేయనక్కర్లేదు’ అంటారు, కానీ ఎవరో ఒకరు వెంటనే ‘ఓకే సార్’ అని పెట్టేస్తారు. పెట్టనివారికి బెంగ. ఏం చేయాలి?

సమాధానం: మీ మేనేజర్ గారికి గుర్తొచ్చిన పని మరచిపోతానన్న ఆదుర్దా కావచ్చు. కానీ ఆ ఆదుర్దాను ఆయన దించుకుని పదిమంది తలల మీద పెడుతున్నారు. ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి అమలైన చట్టం ప్రకారం 50 మంది, ఆపై ఉద్యోగులున్న సంస్థలు పనివేళల తరువాత ఉద్యోగులు ఫోన్లకు, మెయిళ్లకు దూరంగా ఉండే హక్కు గురించి సిబ్బందితో చర్చించి పద్ధతులు ఏర్పరచుకోవాలి. చట్టం లేనిచోట ఒక మాట చాలు. పగటిపూట, అందరి ముందు కాకుండా, ‘సార్, అత్యవసరమైతే ఫోన్ చేయండి, తప్పకుండా ఎత్తుతాం. మిగిలినవి ఉదయం పెడితే వరుసగా చేసుకుంటాం’ అని అడగండి. అత్యవసరానికీ సాధారణానికీ వేరువేరు దారులుంటే ఆయనకూ నిశ్చింతే. మెసేజ్ ఇప్పుడు రాసి ఉదయం వెళ్లేలా అమర్చుకునే వీలు మెయిల్‌లో ఉందని కూడా వీలు చూసి చెప్పండి.

ప్రశ్న: నేను ఉత్పత్తి విభాగానికి అధిపతిని. నా గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందని అందరికీ చెప్పాను. అయినా యంత్రం ఆగిపోయాకే, గడువు దాటాకే నాకు తెలుస్తోంది. ‘ఎవరికైనా సందేహాలున్నాయా?’ అని మీటింగ్‌లో అడిగితే ఒక్కరూ మాట్లాడరు. బయటకు వెళ్లాక మాత్రం అందరూ మాట్లాడుకుంటారు. వీరిది భయమా, బాధ్యత లేకపోవడమా?

సమాధానం: బాధ్యత లేనివారు బయటకు వెళ్లి దాని గురించి మాట్లాడుకోరు. వారికి పట్టింపు ఉంది. మీ ముందు చెప్పడానికే వెనకాడుతున్నారు.

చెడు కబురు మోసుకెళ్లడం మనిషికి సహజంగానే ఇష్టం ఉండదు. ఆ చెడులో తన తప్పు రవ్వంత లేకపోయినా వెనకాడతాడని సిడ్నీ రోజెన్, ఏబ్రహామ్ టెసర్ అనే పరిశోధకులు 1970లో చూపించారు. ఇంక కబురు వినేది తన ఇంక్రిమెంటు నిర్ణయించే మనిషైతే ఆ వెనకాడడం ఎంతుంటుందో మీరే ఊహించండి. ‘మనమెందుకు చెప్పాలి, చెప్పినవాడికే చుట్టుకుంటుంది’ అన్న మాట ఏ కార్యాలయంలో వినిపించదు?

అయితే మీరు ఇంకో సంగతి కూడా చూడాలి. కిందివారు చెప్పలేదని మీరు అనుకుంటున్నారు. చెప్పి ఉండవచ్చు కూడా, మధ్యలో ఎక్కడో ఆగి ఉండవచ్చు. 1986 జనవరి 27 సాయంత్రం అమెరికాలో ఒక టెలిఫోన్ సమావేశం జరిగింది. మర్నాడు ఛాలెంజర్ అంతరిక్ష నౌక బయలుదేరాలి. రాకెట్ బూస్టర్లు తయారు చేసిన మోర్టన్ థయోకాల్ సంస్థ ఇంజినీర్లు, చలి ఎక్కువగా ఉంది, బూస్టరు అతుకుల దగ్గర ఉన్న రబ్బరు రింగులు బిగుసుకుపోయి వేడి వాయువును ఆపలేకపోవచ్చు, సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ప్రయోగించవద్దు అని చెప్పారు. పటాలు, పట్టికలు చూపించారు. అవతలి వైపున్న నాసా అధికారుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. సంస్థ అధికారులు విడిగా మాట్లాడుకుంటామని కాసేపు లైను నుంచి తప్పుకున్నారు. ఆ కాసేపట్లో, ఇంజినీరింగ్ విభాగం అధిపతితో, ఇంజినీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమని పై అధికారి ఒకరు అన్నారు. తిరిగి లైనులోకి వచ్చినప్పుడు సంస్థ జవాబు మారిపోయింది. మర్నాడు నౌక పైకి లేచిన 73 సెకన్లకు ముక్కలైంది. ఏడుగురు చనిపోయారు. తరువాత విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ తేల్చిన సంగతుల్లో నన్ను ఎప్పటికీ వదలనిది ఒకటుంది: ప్రయోగానికి తుది అనుమతి ఇచ్చినవారికి, ఇంజినీర్లు మొదట వద్దన్నారన్న సంగతే తెలియదు.

ఇంజినీర్లు గట్టిగానే చెప్పారు. చెప్పిన మాట ఒక్క మెట్టు ఎక్కి ఆగిపోయింది. మీకూ మీ యంత్రం దగ్గర నిలబడే మనిషికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. ఒక్కో మెట్టు దగ్గర ‘యంత్రం ఆగిపోయేలా ఉంది’ అన్నది ‘కాస్త శబ్దం వస్తోంది’ అవుతుంది, అది ‘చూస్తున్నాం’ అవుతుంది, మీ బల్ల మీదకు వచ్చేసరికి ‘అంతా బాగానే ఉంది’ అవుతుంది. ఏ ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరు కాస్త మెత్తబరిచారు, అంతే.

మీటింగ్‌లో మౌనాన్ని అర్ధాంగీకారంగా తీసుకోకండి. ఫిర్యాదులు రావడం లేదంటే అంతా సవ్యంగా ఉందనీ అనుకోకండి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్ల సంఖ్య ఎక్కువగా కనిపించింది. లోతుగా చూస్తే, వారు ఎక్కువ తప్పులు చేయడం కాదు, జరిగిన తప్పులను దాచకుండా చెప్పుకోవడమే అందుకు కారణమని ఆమె తేల్చారు. మీ రిజిస్టరులో పొరపాట్లు లేకపోతే సంతోషించే ముందు కాస్త అనుమానించండి.

ప్రశ్న మార్చి చూడండి. ‘సందేహాలున్నాయా?’ అంటే, ఉన్నాయన్నవాడు అందరిలో తెలివితక్కువవాడిగా కనిపిస్తాడు. ‘ఈ పని వచ్చే నెల ఆగిపోయిందనుకుందాం, ఎక్కడ ఆగి ఉంటుంది?’ అని అడిగితే, చెప్పినవాడు తెలివైనవాడిగా కనిపిస్తాడు. అందరికంటే చిన్నవారితో మొదలుపెట్టి, మీరు చివర మాట్లాడండి. మీరు ముందు అభిప్రాయం చెప్పేస్తే ఆ తరువాత వచ్చేవన్నీ మీ మాటకు వంతపాటలే. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, మొదటిసారి ఎవరైనా ధైర్యం చేసి చెడు కబురు తెచ్చినప్పుడు మీ ముఖం ఎలా మారుతుందన్నది. ‘ఇప్పుడా చెప్పేది?’ అని ఒక్కసారి అన్నారంటే ఆ మాట గంటలో విభాగమంతా తిరుగుతుంది, ఇక ఆరు నెలలు మీ దగ్గరకు ఎవరూ రారు. టయోటా కర్మాగారాల్లో లోపం కనబడిన ఏ కార్మికుడైనా తాడు లాగి సాయానికి పిలవవచ్చు, అప్పటికి సరికాకపోతే ఉత్పత్తి వరుస ఆగుతుంది. ఆ తాడు పనిచేసేది దాన్ని లాగినవాడిని ఎవరూ తప్పుపట్టనందువల్లే.

మీ గది తలుపు తెరిచి ఉండడం మంచిదే. కానీ ఆ తలుపు దాకా నడిచి రావడం వారికి కష్టం, మీరు వెళ్లడం తేలిక. రోజూ ఒక పావుగంట యంత్రాల దగ్గరకే వెళ్లి నిలబడండి.

ప్రశ్న: మా దగ్గర మూడు షిఫ్టులు. షిఫ్టు మారేటప్పుడు రిజిస్టరులో రాసి వెళ్లాలి. అందరూ ‘అంతా నార్మల్’ అనే రాస్తారు. కొత్తగా సూపర్‌వైజర్‌గా వచ్చిన నేను దీన్ని మార్చాలనుకుంటే, పాతవారు ‘ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు’ అంటున్నారు. నేను అతిగా ఆలోచిస్తున్నానా?

సమాధానం: లేదు. మీరు సరైన చోటే వేలు పెట్టారు. ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక ఉండేది. 1988 జులై 6న అక్కడ పగటి షిఫ్టువారు ఒక పంపుకు సంబంధించిన భద్రతా వాల్వును మరమ్మతుకు తీశారు. ఆ పని సాయంత్రానికి పూర్తి కాలేదు. వాల్వు ఉన్నచోట తాత్కాలికంగా మూత బిగించి వెళ్లారు. రాత్రి షిఫ్టులో రెండో పంపు ఆగిపోయింది. మొదటి పంపుకు వాల్వు లేదన్న సంగతి రాత్రివారికి ఎవరూ చెప్పలేదు. ఆ వాల్వుకు సంబంధించిన అనుమతి పత్రం కూడా వారి కంటపడలేదు. పంపు నడపడం మొదలుపెట్టారు, మూత దగ్గర గ్యాస్ బయటకొచ్చింది, పేలింది. 167 మంది చనిపోయారు. లార్డ్ కల్లెన్ నేతృత్వంలో జరిగిన విచారణ 106 సిఫార్సులు చేసింది. ప్రమాదానికి మరెన్నో కారణాలున్నాయి. కానీ సాయంత్రం దిగేవాడు రాత్రి ఎక్కేవాడికి చెప్పవలసిన ఒక్క వాక్యం చెప్పి ఉంటే, ఆ పంపును ఎవరూ ముట్టుకునేవారు కాదు.

‘అంతా నార్మల్’ అన్నది రాసేవాడి అలసటను చెబుతుంది, యంత్రం స్థితిని చెప్పదు. ఎనిమిది గంటలు పనిచేసి ఇంటికి వెళ్లే తొందరలో ఉన్న మనిషికి ఖాళీ పేజీ ఇస్తే అతడు అదే రాస్తాడు. కాబట్టి ఖాళీ పేజీ ఇవ్వకండి. సగంలో ఆగిన పని ఏది, విప్పి ఉంచినవి, మూసి ఉంచినవి ఏవి, మామూలుగా లేనిదేమైనా కనిపించిందా, వచ్చేవారు మొదట చూడవలసింది ఏది అని నాలుగు గళ్లు గీసి ఇవ్వండి. ప్రతి గడిలో ఏదో ఒకటి రాయాలి. ‘ఏదీ లేదు’ అని రాసినా సరే, చేత్తో రాయాలి. ఆసుపత్రుల్లో రోగి గురించి చెప్పేటప్పుడు ప్రస్తుత పరిస్థితి, వెనుకటి సంగతి, చెప్పేవారి అంచనా, చేయవలసిన పని అన్న వరుస పాటించే పద్ధతి ఒకటుంది. అది అమెరికా నౌకాదళం జలాంతర్గాముల నుంచి వైద్యరంగానికి వచ్చింది. అందులో మూడవదైన ‘చెప్పేవారి అంచనా’ను మీ గళ్లలోకి తప్పకుండా తీసుకోండి. ‘ఉష్ణోగ్రత 80’ అని రాసేవాడికి, ‘ఉష్ణోగ్రత 80 ఉంది, నిన్నటి కంటే త్వరగా పెరిగింది, నాకు నచ్చలేదు’ అని రాసే చనువు ఇవ్వాలి. ముప్పై ఏళ్లుగా ఆ యంత్రం చప్పుడు వింటున్న మనిషికి ‘నచ్చలేదు’ అనిపించడం ఏ మీటరూ ఇవ్వలేని సమాచారం.

కాగితంతో సరిపెట్టకండి. రెండు షిఫ్టుల మనుషులు యంత్రం పక్కన కలిసి నిలబడే ఐదు నిమిషాలు పనివేళలోనే కలవాలి. దానికి యాజమాన్యం ఒప్పుకోవాలి. వెళ్లేవాడి సొంత సమయంలోంచి ఆ ఐదు నిమిషాలు అడిగితే అది నెల తిరిగేలోగా ఆగిపోతుంది. పాతవారిని ఎదిరించి కాక, వారినే కూర్చోబెట్టి ఆ నాలుగు గళ్లు గీయించండి. ‘కొత్తగా వచ్చేవాడికి మీరు మొదట ఏం చెబుతారు?’ అని అడిగితే మీకు తెలియని ఐదవ గడిని వారే చేరుస్తారు.

ప్రశ్న: మా సంస్థలో సలహాల పెట్టె ఉంది. రెండేళ్లలో మూడుసార్లు పేరు రాసి మరీ సలహాలు వేశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. నాలుగోసారి రాయనా, వద్దా?

సమాధానం: రాయండి, కానీ పెట్టెలో వేయకండి. ఆ పనితో నేరుగా సంబంధమున్న అధికారి చేతికి ఇచ్చి, ‘ఎప్పుడు అడగమంటారు?’ అని తేదీ తీసుకోండి. ఆ తేదీన వెళ్లి అడగండి. మూడు పాత సలహాల నకళ్లు మీ దగ్గర ఉంటే అవీ పట్టుకెళ్లండి.

ఈ శీర్షిక చదివే అధికారులకు ఒక మాట. షికాగో దగ్గర హాథార్న్ కర్మాగారంలో 1928 నుంచి రెండు మూడేళ్లపాటు 20 వేల మందికి పైగా ఉద్యోగులను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడించారు. మొదట అడిగేవారి చేతిలో ప్రశ్నల జాబితా ఉండేది. జనం ఆ ప్రశ్నలు వదిలేసి తమకు కావలసింది మాట్లాడుతున్నారని గమనించి, జాబితా పక్కనబెట్టి వినడం మొదలుపెట్టారు. వినేవారున్నారని తెలిస్తే మనిషి చెబుతాడు. ఈ పాఠకురాలు మూడుసార్లు చెప్పారు. ఆమె సలహా పనికిరానిదైతే పనికిరాదనే రాయండి, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పండి. ‘కుదరదు’ అన్న జవాబు అందుకున్నవారు మళ్లీ రాస్తారు. మీ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉందో, దాన్ని చివరిసారి ఎప్పుడు తెరిచారో రేపు ఉదయం ఒకసారి కనుక్కోండి.